కింది ముడత

పదకొండో రోజు జ్వరంతో వచ్చింది రూతమ్మ
గుంటూరు పెద్దాసుపత్రికి,
ఆటోలో, కూతురి ఒళ్ళో తల పెట్టుకుని.
కవరు నిండా కాయితాలు:
టైఫాయిడ్ అన్నదొకటి, డెంగీ కాదన్నదొకటి,
ఊళ్ళో ఆరెంపీ గీసినవి ఏమిటో ఆయనకే తెలియాలి.
రెండు సెలైన్లకి కమ్మలు తాకట్టెళ్ళాయట.
బోసి చెవి తడుముకుంటూ తనే చెప్పింది.

నైట్ డ్యూటీ నాది.
"ఒళ్ళంతా చూడాలమ్మా" అన్నాను.
ముఖం గోడకి తిప్పుకుంది.
నాలుక చూశారు, కళ్ళు చూశారు ఇంతమంది,
చీర దాటి ఎవరూ అడగలేదు,
ఆమే చెప్పలేదు.
తెర లాగాను. మూడు కొక్కేలు లేవు దానికి,
కూతురు చేత్తో పట్టుకు నిలబడింది.

రొమ్ము కింద, చెమటారని మడతలో
నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రంచు.
అచ్చం బీడీ ఆర్పినట్టు.
ఇరవయ్యేళ్ళ సర్వీసులో అవీ చూశాను.
గొంతు తగ్గించి అడిగాను: "ఎవరు కాల్చారు?"
అంత జ్వరంలోనూ నవ్వింది.
"మా ఆయన పోయి ఆరేళ్ళు.
బీడీ అలవాటే లేదు, పాపం."

రెండు వారాల కిందట ఎక్కడెక్కడ తిరిగావు?
ఎక్కడ తిరుగుతాను, మిరపచేలో కలుపు,
గేదెకి గడ్డి కోసం వెంచరు.
నంబూరు అవతల, ఒకప్పుడు తను నాట్లేసిన మడులే.
ఇప్పుడు సరిహద్దు రాళ్ళు, పేరు వెలిసిన ఆర్చి.
అమ్మినవాళ్ళు రారు, కొన్నవాళ్ళు రారు,
నడుమెత్తు గడ్డి వచ్చింది,
గడ్డిలోకి ఎలుకలొచ్చాయి.
తెల్లారకముందే ఆడవాళ్ళు పోయేదీ అక్కడికే.
మరుగుదొడ్డి ఉంది ఇంటి పక్కన,
నీళ్ళు లేక అందులో పుల్లలు పేర్చుకున్నారు.

"నల్లిలాంటి పురుగమ్మా, కంటికానదు,
గడ్డి కొసన కూర్చుని ఉంటుంది,
ఎలుక పోయినా ఎక్కుతుంది, మనిషి పోయినా."

లేచి కూర్చోబోయింది రూతమ్మ.
"నల్లి నాకు తెలీదా?
ఆకు పైకి ముడిస్తే తామరపురుగు,
కిందికి ముడిస్తే నల్లి.
డబ్బా మీద బొమ్మ కూడా ఉంటది.
సాలుకి నాలుగాకులు ముడిస్తే చాలు
మా రైతు రాత్రికి రాత్రే మందుల కొట్టుకి పరిగెత్తి
అప్పు రాయించి తెస్తాడు."
కాసేపాగింది.
"పదకొండు రోజులు ముడుచుకుని పడుకున్నా" అంది.

మాత్ర ఇచ్చాను.
కమ్మలు పోయిన చెవి ముందు
దాని ధర చెప్పడానికి నోరు రాలేదు.
మూడోనాటికి చెయ్యి చల్లబడింది.
ఏడో మంచం మీది పిల్లకి మాత్రం
పెచ్చు తల వెంట్రుకల్లో ఉంది.
మాకు దొరికేసరికి ఆ పిల్ల
ఊపిరి మిషను మీద ఉంది.
ఇప్పుడా మంచం మీద వేరెవరో.

వెళ్ళేటప్పుడు చీటీ రాసిచ్చాను:
గడ్డిలో కూర్చోకూడదు, పొడుగు చేతుల చొక్కా,
ఇంటికి రాగానే వేడినీళ్ళు, ఉతికిన బట్టలు.
కూతురిచేత రెండుసార్లు చదివించుకుంది.
చీటీ మడిచి జాకెట్లో దోపుకుని
గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చింది.

"మరి గేదె ఏం తింటదమ్మా?"