కాఫీ రంగు

యాకూబ్ మాస్టర్ బెల్టులు యూరియా సంచిల తెస్తడు.
కొత్తవి కొనే పైసలుంటే నా దగ్గరికెందుకొస్తడు?
తెల్లవి పసుపు కావాలె, పసుపువి పచ్చ,
పచ్చవి కాఫీ రంగు, కాఫీవి నలుపు.
"అన్నా, ఐతారం పరీక్ష" అని
బండి స్టాండు కూడ వెయ్యకుంటనే చెప్పిపోతడు.

కొత్తవాడల జంపఖానాల నూలుకు
నలభై ఏండ్లు రంగులద్దిన చేతులు నావి.
గోర్ల కింద ఏ రంగున్నదో మా ఇంటామెకు తెలుసు,
నాకు తెల్వదు.
మగ్గాలు సగం మూతవడ్డంక
పిల్లల నడుములే నాకు గిరాకి.

తెలుపు మీద పసుపు పట్టిచ్చుడు అల్కటి పని.
పసుపు మీద నీలం పోస్తే పచ్చ.
పచ్చ మీద ఎరుపు పోస్తే కాఫీ.
నలుపుకు మాత్రం ఉప్పు ఎక్కువ, మంట ఎక్కువ,
ఓపిక ఇంకా ఎక్కువ.
పాత రంగు ఎటూ పోదు,
కొత్తదాని అడుగున కూసుంటది.
ఒకసారి నల్ల బెల్టు కొస విప్పి మాస్టర్‌కు చూపెట్టిన,
పోగు నడుమ ఇంకా పసుపు.
నవ్విండు.
"మొదటి నెల పిల్లగాడు ఆడనే ఉన్నడు" అన్నడు.

మా మనుమడు రాజమల్లు దారి వేరు.
హనుమకొండల పేరిణి నేర్చుకుంటుండు.
ఆడ రంగులు లేవు, గజ్జెలే.
మొదటి ఏడు ఉత్త కాళ్లు.
తర్వాత కాలికి యాభై, ఆ తర్వాత నూరు.
మొన్న జతి తప్పిండని
గురువు ఎడమ కాలి గజ్జెలు విప్పి పక్కన పెట్టిండట.
"చప్పుడు లేకుంట ఎతుకు, తప్పు ఏడున్నదో" అన్నడట.
వారం రోజులు ఇంట్ల ఒక్క కాలే మోగింది.
నాకు ఆ మోగని కాలే ఎక్కువ ఇనవడ్డది.

సరే, బెల్టుల ముచ్చట.
ఎండల దినాలల్ల పన్నెండు పచ్చ బెల్టులు తెచ్చిండు.
పరీక్షకు ముందే కాఫీల ముంచిన.
అందరు గెలుస్తరని ఆయన నమ్మకం,
మొగులు వడితే ఆరవని నా తొందర.
పదకొండు మంది గెలిచిండ్రు.
కుడికాల స్పందన ఓడింది.
కటా నడుమ ఒక మలుపు మర్సిపోయి
గ్రౌండ్ మధ్యల ఊకె నిలవడ్డదట,
అందరు ఇటు తిరిగితే తనొక్కతె అటు.

సోమారం పొద్దుగాల నా గడపల నిలవడ్డది.
పదకొండేండ్లుంటయేమో, మోకాలి మీద పక్కు,
చేతిల కాఫీ బెల్టు.
"తాతా, దీన్ని మల్ల పచ్చ చెయ్యి.
నాది కానిది నాకెందుకు?"

బిడ్డా, రంగు ఎనుకకు రాదు.
బ్లీచింగ్ పోస్తే నూలు సస్తది.
ఆ మాట చెప్తాంటె నాకే సిగ్గయింది.
తొందరపడ్డది ఆమె కాదు గద.

మూలకు ఒక తెల్ల పట్టీ దొరికింది.
పొయ్యి ముట్టిచ్చిన. పసుపుల ముంచిన.
"దీనికి నాకు ఏడాది పట్టింది" అన్నది.
గంజులకెల్లి ఆవిరి మొకానికి కొడ్తున్నా జరుగలే.
నీలం పోసిన.
"దీనికి ఏడాదిన్నర."
కట్టె నా చేతులకెల్లి గుంజుకొని తనే తిప్పింది.
మణికట్టు దాక పచ్చగైంది.
చూస్తె, గంజు పక్కనే
కాళ్లు ఆ మలుపు తిరుగుతున్నయి,
ఒకటి, రెండు,
మల్ల ఒకటి.

కాఫీ బెల్టు మగ్గం దూలానికి ఏలాడుతున్నది.
వానలకు మగ్గం గుంతల నీళ్లొచ్చినయి,
దానికి మాత్రం తడి తగలనియ్యలే.
నిన్న స్పందన వచ్చింది, మల్ల పరీక్ష అయిందట.
ఏమైందో నేనడుగలే.
మునివేళ్ల మీద లేసి కొస పట్టుకొని
ముక్కుకు ఆనిచ్చుకొని చూసింది.
"ఇంక జరంత రంగు వాసన ఉన్నది తాతా,
ఆరనియ్యి" అని
పచ్చ బెల్టు బిగిచ్చుకుంట ఉరికింది.