నా ఖాతాల నలభై మూడు

యూనివర్సిటీ క్లర్కు బాల్‌రాజ్ వచ్చిండు,
హెల్మెట్ తీయకుండనే అడిగిండు:
"మౌలాలన్నా, ఈ ఏడు ఎన్ని పీహెచ్‌డీలు కుట్టినవ్?"
పైనుంచి కమిటీ వస్తున్నదట, లెక్క కావాల్నట.
వాళ్ల కంప్యూటర్ల నలభై ఒకటి.
నా ఖాతాబుక్కుల నలభై మూడు.
కూసోమన్న. చాయ్ చెప్పిన. వేలు తడిపి పేజీలు తిప్పిన.

రాయచూరు రోడ్డు మీద ఇరవై రెండేండ్లాయె.
చదివింది ఏడో తరగతి.
ఏ శాస్త్రం ఎంత మందమో మాత్రం
నా బొటనవేలికి ఎరుక.

గణితం సన్నం.
తొంభై పేజీలు, సూది ఇట్ల పెడితే అట్ల తేలుతది.
"ఏముంది బిడ్డా ఇండ్ల?" అంటే
కురుమూర్తి అనే ఆ పిలగాడు తల గోక్కొని
"అనంతం గురించి మామా" అన్నడు.
అనంతానికి మూడు వందల యాభై చెప్పిన.
బేరమాడిండు. మూడు వందలకు కుట్టిచ్చిన.

కామర్స్ లావు,
బాదేపల్లి యార్డుల పల్లికాయ ధర, పదేండ్లది, పట్టికలు పట్టికలు.
పల్లికాయ అమ్మినోని మొఖం ఏ పట్టికల లేదు గానీ
అంకెలు తూకంల పడ్డట్టు వరుసగ ఉన్నయి.
కోయిల్‌సాగర్ చేపలకు రంగు పేజీలు,
నడుమ బటర్ పేపర్ పెట్టకుంటే
ఒక చేప పొలుసు ఇంకో చేపకు అంటుకుంటది.
అర్థశాస్త్రపామె వలసబొయ్యి వచ్చినోళ్లను అడిగింది,
పేర్లు రాయలే. వ్యక్తి ఒకటి, వ్యక్తి రెండు...
నూట పన్నెండో వ్యక్తికి కుడిచేతికి మూడే వేళ్లు,
పుణె పనికాడ మిషిన్ల పడ్డయట.
మా గల్లీ చెన్నప్పే.
ఆయనకు చూపిద్దామనుకున్న,
అప్పటికే ఆమె కాపీలు పట్కపోయింది.

"అవన్నీ మా లెక్కల ఉన్నయన్నా, ఆ రెండేంటివి?"

ఒకటి అటక మీద.
జములయ్యది, రసాయనశాస్త్రం, నల్ల రెగ్జిను, ఐదు కాపీలు.
అరవై బోర్ల నీళ్లు సీసాలల్ల మోసి చూసిండు.
నడుమ పైసలు ఆగిపోయినయి,
ఇప్పుడు జడ్చర్లల మందుల ఏజెన్సీల బండి తోలుతడు.
"వస్త మామా, పైసలు కట్టి తీస్కపోత" అని
రెండు దసరాలు పోయినయి.
ఆ నీళ్లు మాత్రం జనం తాగుడు ఆపలే.

బాల్‌రాజ్ చాయ్ తాగిండు, నలభై ఒకటే రాసుకున్నడు,
సబ్మిట్ కానిది లెక్కకు రాదన్నడు.
పోయిండు.

రెండోది అప్పుడు నా బల్ల మీదనే ఉంది,
మన్నెమ్మ రాసింది, తెలుగు శాఖ.
కులవృత్తుల మాటలు ఏరి కూర్చింది.
కుట్టు అయిపోయి వీపుకు మైదా సరేసు పెడుతుంటే
రెండు వందల పదిహేడో పుట తెరుసుకుంది.
దూదేకులోళ్ల మాటలు.
ధనువు. తంతి. ఏకు.
ఏకు పక్కన రాసింది: వాడుకలో లేదు.

మా నాయిన ధనువు భుజాన వేసుకొని
చలికాలమంతా దేవరకద్ర, మక్తల్ దిక్కు తిరిగెటోడు.
పరుపుల దుకాణాలు వచ్చినంక అది దూలానికి ఎక్కింది.
గది నిజమే.
కానీ సరేసుల ముంచనీకి దూది ఏకు లేంది నాకు పని నడువదు.
కుంచె పుస్తకాన్ని గీకుతది, ఏకు గీకదు.
"ఏకు అందియ్‌రా" అంటే
మా పనిపిలగాడు, బోయోళ్ల పోరడు,
తలకాయ ఎత్తకుండ అందిస్తడు.
రోజుకు పదిసార్లు.
ఇప్పుడు గూడ నా చేతిల ఉన్నది అదే,
తడి కారుతున్నది.

పొద్దుగూకంగ మన్నెమ్మ వచ్చింది.
పుట చూపించిన, చెయ్యి చూపించిన.
చానాసేపు చేతినే చూసింది.
"తొంభై మందిని అడిగిన మామా."
నేనేం అనలే.
"నాలుగేండ్లు మీ దుకాణం ముందటనే బస్సెక్కిన."

గైడు సంతకాలు అయిపోయినయి.
రేపు పదకొండుకు ఇయ్యాలె.
దారం కోసి ఆ ఒక్క పుట మార్చుడు
కాపీకి ఇరవై నిమిషాల పని, ఆరు కాపీలు.
రాత్రి కరెంటు ఉంటే అయితది.

"కోయాల్నా, ఉంచాల్నా? జల్ది చెప్పు బిడ్డా,
సరేసు ఎండుతున్నది."