పన్నెండో ప్రశ్న

మంగళవారం పొద్దున్న, గెంట్ ఊళ్లో, ఆసుపత్రి మూడో అంతస్తు.
గుండెకు స్టెంట్లు పడ్డవాళ్లు
వరసగా సైకిళ్ల మీద కూర్చుని
ఎక్కడికీ పోకుండా తొక్కుతుంటారు.
నా చేతిలో ఫారాల కట్ట.
రక్తంలో కొవ్వు ఎంతో ల్యాబువాళ్లు చూస్తారు,
మనిషిలో ఏముందో అడగడం నా వంతు.

హెర్లిండె, చేపల వేలంలో ముప్పయ్యేళ్లు ధర అరిచిన గొంతు.
నోట్లో నువ్వుగింజ నానదు.
తరచూ కోపం వస్తుందా అని అడిగేలోపే
"ఇంత చిన్న అక్షరాలు ఏ వెధవ అచ్చేశాడు?" అంది.
ఆ గడిలో నేనే టిక్కు పెట్టేశాను.

బేకరీ యోస్ట్, పదింటికి రమ్మంటే తొమ్మిదింటికే వచ్చి
కుర్చీ అంచున, లేవబోతున్నట్టే కూర్చుంటాడు.
తన నాడి తానే లెక్కపెట్టుకుని
పక్కవాడి దానితో పోల్చుకుంటాడు.
తక్కువొస్తే గెలిచానంటాడు.

ఒడిలోన్ మాత్రం పెన్సిలు అడిగాడు.
కాలువ మీద లాకులు తెరిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.
పన్నెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు:
మీ బాధ ఎవరితోనైనా చెప్పుకుంటారా?
సున్నా చుట్టాడు. చెరిపాడు.
ఒకటి చుట్టాడు. చెరిపాడు.
కాగితం అక్కడ పల్చబడి వెలుతురు కనిపించింది.

"లాకుకు రెండు తలుపులమ్మా" అన్నాడు చివరికి,
"రెండూ ఒక్కసారి తెరవకూడదు.
మొదటి రోజే నేర్పారు.
పైనీళ్లు ఒక్కుమ్మడిగా కిందపడితే పడవలు మిగలవు."
నేను రాసుకోలేదు. రాయడానికి గడి లేదు.

కొందరి గుండె చెరువైందంటాం.
ఇతనిది కాలువ.
నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో
గట్టు మీద పోయేవాళ్లకు తెలియదు.

భార్యను అడిగాను. కోటు కూడా విప్పకుండా
"నలభై ఒక్క ఏళ్లు. మా గోడ గడియారం
ఇతని కంటే ఎక్కువ మాట్లాడింది" అని నవ్వింది.
నవ్వు సగంలో ఆపి
అతని చొక్కా బొత్తాం సరిచేసింది.

ఆరో వారం.
హెర్లిండె మీటరును తిడుతూ ఊపిరి తీసుకున్న సందులో
ఒడిలోన్ అన్నాడు, ఎదురుగోడతో అన్నట్టు:
"మా నీలం ఆడపావురం ఇంకా రాలేదు.
పదకొండు రోజులు."

ఎవరూ ఏమీ అనలేదు. హెర్లిండె కూడా.
యోస్ట్ తొక్కడం ఆపాడు, ఓడిపోతానని తెలిసీ.
కాసేపు మానిటర్ల చప్పుడే.
తర్వాత హెర్లిండె, గొంతు తగ్గించడం రాక,
"రెక్క మీద మచ్చలున్నాయా?" అని అరిచింది.

సాయంత్రం అతని పాత ఫారం తీశాను.
పన్నెండో గడిలో సంఖ్య లేదు,
రుద్దిన గరుకు ఉంది.
మొత్తం కూడమన్నారు. కూడలేదు.
రబ్బరు పొడి ఊదేసి
అలాగే ఫైల్లో పెట్టాను.