వొగ్గితే ఆగాలి

నీలాచలం, ముందు నీళ్లు వదులు.
తాగడానికి కాదురా, కంప్రెసర్ గాలిలో దాక్కున్న నీళ్లు.
అడుగు కుళాయి తిప్పు, తుప్పుతుప్పుమని ఉమ్మనీ,
ఉమ్మి అయిపోయి వట్టి గాలి ఈలేసేదాకా తిప్పే ఉంచు.
హమ్రియాలో ఆగస్టు తెల్లారగట్ల
ఇనుముక్కూడా చెమట పడతాది.
బార్జీ పొట్ట మీద అరచెయ్యి ఆన్చి చూడు.
తడి తగిలిందా? అయితే కూర్చో.
ఫోర్‌మన్ అరిస్తే అరుస్తాడు.
పొద్దొచ్చి ఆ పొట్ట తుడిస్తేనే మన పని.

ఈలోగా గార్నెట్ జల్లెడ పట్టు.
సంచి మీద ఇండియా అని అచ్చుంది, ఊరి పేరు లేదు.
వచ్చిన కొత్తలో పిడికెడు తీసి చూశాను.
తుపాను వెళ్లిన మర్నాడు మన రేవులో
నల్లిసక మీద ఎర్రటి చార తేలుతాది చూడు,
అచ్చం అదే రంగు.
నాకంటే ముందు దీనికి వీసా దొరికిందేటి, అనుకున్నాను.
ఎవరితోనూ అనలేదు.
సంచి దారం ముక్క పడినా, బీడీ పీక పడినా
మూతి దగ్గర అడ్డం తిరిగి పూట తినేస్తాది. బాగా జల్లించు.

కుండకి చక్రాలున్నాయని నిండాక తొయ్యకు,
నిండిన కుండ ఎవడి మాటా వినదు.
జాయింట్ల దగ్గర రబ్బరు పగిలిందేమో గోటితో గీకి చూడు.
పిన్ను గుచ్చు. ఆపైన ఉక్కుతాడు,
రెండు పైపుల మెడలూ కలిపి.
నాజిల్ కన్నంలో ఈ పాత డ్రిల్లు బిట్టు దూర్చు.
వదులుగా ఆడితే అది ముసలిదైపోయినట్టే,
గాలి తింటాది, పని చెయ్యదు.
(ఆ మాటే స్టోరు కీపరు ఒకసారి నన్నూ అన్నాడు.)

ఇప్పుడు ఇటు చూడు. ఈ పిడి.
దీన్ని డెడ్‌మాన్ అంటారు. చచ్చినోడి పిడి.
నొక్కినంతసేపే గింజ పోతాది,
వొగ్గితే ఆగాలి.
చచ్చినోడి చెయ్యి తనంతట తనే వొగ్గేస్తాది.
బతికున్నోడే వొగ్గడు.
మూడు గంటలు నొక్కితే వేళ్లు కొయ్యబారిపోతాయి,
మూడో ఏడాది నేను దీనికి
బైండింగు వైరు చుట్టాను. నేనే చుట్టాను.
పరంజా పలక మీద కాలు జారింది.
పైపు నా చేతిలోంచి పోయి లేచింది.
వలలో పడ్డ సొర కూడా అంత విదిలించదురా.
కుండ దగ్గర గుల్ జమాన్ పరిగెత్తి వాల్వు కట్టేసేదాకా
పదకొండు లెక్కపెట్టాడట. నాకు లెక్క తెలీదు.

ఈ పిక్క చూడు. నీలంగా ఉన్నవి పుట్టుమచ్చలు కావు.
చలికాలం ఒకటో రెండో పైకొస్తాయి, సూదితో తీస్తాను.
ఇంటికెళ్లినప్పుడు మా పాప ఏటివని అడిగింది.
ఇసక అంటుకుందమ్మా అన్నాను.
కడుక్కో, అంది.

హెల్మెట్ పెట్టుకో. లోపలికి గాలొస్తోందా?
నూనె వాసనేస్తే మొహమాటపడకు, తీసెయ్.
గాజు మీద పొర మసకైతే చింపు, కింద ఇంకోటుంటాది.
మూరెడు దూరం. నిటారుగా కాదు, ఓరగా.
అద్దంలా మెరవక్కర్లేదు,
పొలుసు తీసిన చేప తెలుపు చాలు, గరుగ్గా.
పెయింటోళ్లు ఎండబ్రేకు లోపే రావాలి.
ఆలస్యమైతే సముద్రం గాలి
దానికి మళ్లీ తుప్పు గుర్తు చేస్తాది.

సాయంత్రం కుండలో గింజ ఉంచకు,
రాత్రి చెమ్మ తాగి రాయైపోతాది.
అది నేనే చూపిస్తాలే.

ఇక నా మాట నీకు వినపడదు.
పైపు ఒకసారి గుంజితే గింజ అయిపోయిందని,
రెండుసార్లు గుంజితే, ఎందుకని ఆలోచించకు, వొగ్గెయ్.
నేను కుండ దగ్గరుంటాను, చెయ్యి వాల్వు మీదుంటాది.

నొక్కు.
ఆగాగు,
ముందోసారి వొగ్గి చూపించు.