ఏడు సున్నా ఏడు

బాలరాట్‌లో జూన్ నెల, మంగళవారం సాయంత్రం.
మూడో నంబరు గదిలో హీటరు
టికటికమని సణుగుతుంది, వేడి మాత్రం రాదు.
పదకొండు మంది రావాలి. నలుగురొచ్చారు.

బోర్డు మీద ఒకటి వేసి, గీత గీసి,
గీత కింద రూట్ రెండు రాశాను.
"కింద ఉన్న రూటు పోవాలి" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు కాలిన్ ట్రెవార్తా,
ముప్పై ఏళ్లు ఇళ్లకు రేకులు కప్పి
ఒక వాన పొద్దున జారి
మోకాలి చిప్పతో పాటు పనీ పోగొట్టుకున్నవాడు.
"క్యాలుకులేటరుకు లేని పట్టింపు మీకెందుకు?"

నిజమే. నాకూ ఎవరూ కారణం చెప్పలేదు.
ఒంగోల్లో సరసాంబ టీచరు
"హారంలో కరణి ఉండరాదు" అంది, అంతే,
ఎంగిలి చేత్తో పచ్చడి జాడీ ముట్టరాదన్నట్టు.
హారమంటే దండేననుకునే వయసు.
దండలో ముల్లుండకూడదు కాబోలని ఊరుకున్నాను.

"క్యాలుకులేటరు జేబులో పెట్టండి" అన్నాను.
"ఒకటిని ఒకటి పాయింటు నాలుగు ఒకటి నాలుగు రెండుతో
చేత్తో భాగించండి."
రెండో అంకెకే పెన్సిలు ముక్కు విరిగింది.

"ఇప్పుడు పైనా కిందా రూట్ రెండుతో గుణించండి.
రూట్ రెండు బై రూట్ రెండు అంటే ఒకటే,
వేషం కట్టిన ఒకటి.
విలువను వెంట్రుకవాసి కదల్చదు,
సామాను సర్ది వెళ్లిపోతుంది.
కింద రెండు మిగిలింది. రూటు పైకెక్కింది.
పోలేదు, చూశారా? అది ఎక్కడికీ పోదు.
మోయగలిగిన చోటికి మారింది."

ఒకటి పాయింటు నాలుగు ఒకటి నాలుగు రెండులో సగం.
ఈసారి పెన్సిలు ఎక్కడా ఆగలేదు.
సున్నా పాయింటు
ఏడు సున్నా ఏడు ఒకటి.

కాలిన్ తల ఎత్తలేదు.
"మా నాన్న" అన్నాడు చాలాసేపటికి,
"కప్పు వేసిన ప్రతి ఇంట్లో, అటక దూలం మీద
ఏడు సున్నా ఏడు అని రాసేవాడు.
ఏటవాలు కొలతను దీంతో గుణించు, ఎత్తు వస్తుంది,
ఎందుకని అడక్కు అనేవాడు.
ఆయనకీ తెలీదు. వాళ్ల నాన్న చెప్పాడట."

మూడు తరాలు మోసిన అంకె,
ఇంటిపేరులాగా, అర్థం అడక్కుండా.

మూడు మైనస్ రూట్ ఐదు వచ్చే వారం చెప్తానన్నాను.
నా బస్సు అప్పటికే పోయింది.
బయట కార్ల అద్దాల నిండా మంచు.
తన కారు అద్దం మీద వేలితో
రూట్ రెండు, గీత, గీత కింద రెండు రాసి
లోపలికెళ్లి కూర్చున్నాడు కాలిన్.
లోపలినుంచి అది తిరగేసి కనిపిస్తుంది గదా,
అయినా
వైపరు వేయలేదు.