దుప్పికొమ్ము రంగు

డజను చాకుల డబ్బా విప్పి
గల్లా మీద వరుసగ పేర్చినప్పుడు
మొదటిసారి కండ్లవడ్డది:
పన్నెండు పిడుల మీద
రెండో రివిటు కింద, ఎడమ పక్కకు
ఒక్కటే గీత.
అదే వంపు, అదే లోతు.
ఒక్క దుప్పి
పన్నెండుసార్లు అదే ముళ్లకంపకు గీరుకున్నట్టు.

ముప్పై ఏండ్లాయె వరంగల్ చౌరస్తాల ఈ కొట్టు.
బోల్టులు, బందులు, తాళాలు, సుతిలి.
చాకులు మాత్రం అద్దం కింద.
అడిగినోళ్లందరికి ఒక్కటే చెప్పేది,
'దుప్పికొమ్ము రంగు పిడి' అని.
రంగు అన్న మాట జెర మెల్లగ.
మా నాయినైతే
ఆ మాట మొత్తానికే మింగేటోడు.

మిర్చి సీజన్ల వస్తడు ఓదెలు.
ఎనుమాముల యార్డుల బస్తా పొట్ట కోసి
కాయను చెవి దగ్గర పెట్టి ఊపి
గింజల సప్పుడుతోని తేమ చెప్పే మనిషి.
చాకు కొనేటప్పుడు అలుగు చూడడు.
పిడిని ముక్కు దగ్గర పెట్టుకుంటడు.
ఘాటుకు ఎన్నడో మొద్దువారిన ముక్కు,
అయినా.

పోయిన ఏడు ఒక పాత చాకు తెచ్చిండు,
రివిటు వదులైందని.
తేనెరంగు పిడి. రెండు కొసలు ముడుచుకపోయి
పిడికి ఇత్తడికి నడుమ
గోరు పట్టే సందు.
'మా మేనమామది.
ఏటూరునాగారం అడివిల కొట్టిన దుప్పంట,
దాని కొమ్ము.'

బొటనవేలు ఆనిచ్చి గట్టిగ రుద్దిన.
వేడెక్కింది.
ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం,
ఇనుప సామాన్ల కొట్ల,
కర్పూరం వాసన.

కొమ్ము రాపిడికి కాలిన ఎంటికల వాసన రావాలె.
ఇది సెల్యులాయిడు.
పాత సిన్మా రీలుకు, మా అక్క దువ్వెనకు,
టేబుల్ టెన్నిస్ బంతికి
ఇది దగ్గరి చుట్టం.
దుప్పికి ఏమీ కాదు.

చెప్పాల్నా వద్దా అని
స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు
సొరుగుల తల పెట్టిన.
ఓదెలే అన్నడు:
'నాకెర్కే తియ్.
మా మామ అడివి మొకం చూసింది లేదు.
మిల్లుల దారం కోసేటోడు
రాత్రి షిఫ్టుల.
పొద్దుగాల ఇంటికొచ్చి
మమ్ముల కూసోబెట్టుకొని
ఆ దుప్పిని మల్ల కొట్టేటోడు.
ఒగనాడు వాగు పక్కన.
ఒగనాడు గుట్ట మీద.'

రివిటు బిగించిన.
'పెట్టెల దాచకు' అన్న.
'ఈ పిడి లోపల్నుంచి ఆవిరి ఇడుస్తది.
మూసిపెడితే
తన అలుగును తనే తింటది.
జేబుల పెట్టు. గాలి తగలనియ్.'

పైసలిచ్చి, పోతడనుకుంటే
అద్దం మీద వంగిండు.
కొత్తయి నైలాన్ పిడులు.
వాసన రాదు, ముడుచుకోదు,
కరీంనగర్ గ్రానైటు మీద పడ్డా
ఎగిరి పడుతది గని పగలదు.
పన్నెండిట్ల ఒక్కటి ఏరుకున్నడు,
చానసేపు ఏరుకున్నడు.
అన్నీ ఒక్కటే అని
నేను చెప్పలే.

రెండు వారాలకు తాళంచెవి చేయించుకుందామని వచ్చిండు.
జేబు తడుముకుంటా
చాకు తీసి గల్లా మీద పెట్టిండు.
రెండో రివిటు కింద ఆ గీత నిండ
మిర్చిపొడి కూరుకపోయి
ఎర్రగ,
ఎవలో కొత్తగ గీసినట్టు.

మిగిలిన పదకొండు
ఇంకా అద్దం కిందనే ఉన్నయి.