గంటకు ముప్పై

జహ్రా ఆస్పత్రి, ఐసీయూ, నాలుగో బెడ్.
చేతి పట్టీ మీద పేరు: గంగనర్సు, మేకల.
ఫుట్‌పాత్ మీద ఇంటర్‌లాక్ రాళ్లు పరుస్తూ
పొద్దున పదిన్నరకే కూలబడ్డాడట.
తెచ్చేసరికి ఒళ్లు నలభై ఒకటిన్నర,
చెమట ఎప్పుడో ఆగిపోయింది.

మొదటి రోజు పోశాం.
రెండు చేతులకీ లావు సూదులు,
రింగర్ లాక్టేట్, సెలైన్, మళ్ళీ సెలైన్,
సంచుల్ని పిండి మరీ పోశాం.
కింద మూత్రం సంచిలో దిగినది మాత్రం
మరిగి మరిగి అడుగంటిన సులేమానీ చాయ్.
కండ కరిగి నెత్తుట్లో కలిస్తే అదే రంగు.
తరవాత అదీ రాలేదు.

రెండో రోజుకి లెక్క తిరగబడింది.
ప్లస్ నాలుగువేల రెండువందలు.
పాదం నొక్కితే గుంట, ఎంతసేపటికీ పూడదు.
ఊపిరి అడుగున గురగుర.
"చాలు, ఆపండి" అన్నాడు డాక్టర్ హిషాం.
నీళ్లు లేక పడ్డవాణ్ణి
ఇప్పుడు నీళ్ల నుంచే కాపాడాలి.

చార్టులో ఎడమవైపు లోపలికి వెళ్లినవి,
మందు కలిపిన యాభై, గొట్టం కడిగిన పది కూడా.
కుడివైపు బయటికొచ్చినవి.
అరవై కిలోల మనిషికి గంటకు ముప్పై రావాలి.
అట్టడుగున ఒక ఇరుకు గడి:
చెమట, ఊపిరి, అంచనాగా.
అందులో ఐదువందలని రాస్తాను. అందరం అదే రాస్తాం.
ఏడు ఆగస్టులు ఆ గడిలో పట్టవు.

రాత్రి రెండింటికి కళ్లు తెరిచాడు.
"అక్కా, గిన్ని నీళ్లు తాపు."
మా భీమడోలులో తాపు అనరు, తాగించు అంటారు.
ఇన్నాళ్లకి ఈ వార్డులో ఒక తెలుగు మాట,
అదీ నేను కాదనాల్సిన మాట.
గాజుగుడ్డ తడిపి, పిండి, పెదాలకద్దాను.
పళ్లతో పట్టుకుని వదల్లేదు.
ఎంత పోయుంటుంది? మూడు మిల్లీలీటర్లు. రాశాను.
"పేర్లోనే గంగ ఉందిగా, కాస్త ఓర్చుకో" అన్నాను.
నవ్వలేదు.
నవ్వే మాట కాదు అది.

మూడింటికి ఆరు. నాలుగింటికి పదకొండు.
మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని
టార్చి వేసి గీతలు చదువుతున్నాను.
ఫోన్లో అమ్మ అడుగుతుంది, రాత్రంతా ఏం చేస్తావే అని.
ఒకరి ఉచ్చ కోసం ప్రభువును బతిమాలుతానమ్మా
అని ఎలా చెప్పను.

ఐదున్నరకి గొట్టంలో కదలిక.
ఒక బొట్టు.
ఆగి, ఆగి, ఇంకోటి.
ఆరింటికి ముప్పై ఎనిమిది!
రంగూ తేలింది, సులేమానీలో ఎవరో చన్నీళ్లు పోసినట్టు.
"రోవెనా!" అని అరిచేశాను.
పక్క బెడ్ నుంచి పరుగున వచ్చి వంగి చూసింది.
ఆ చీకటి పసుపు ముందు ఇద్దరం
లాటరీ తగిలినవాళ్లలా చేతులు పట్టుకున్నాం.

డ్యూటీ అప్పజెప్పి
కారిడార్లో కూలర్ దగ్గర నిలబడ్డాను.
పన్నెండు గంటల్లో ఇదే మొదటి గ్లాసు.
ఖాళీ చేసి దించానో లేదో
చెయ్యి జేబులో పెన్ను వెతుకుతోంది:
రెండువందలు, నోటి ద్వారా.